ఐదంటే ఐదే నిమిషాలు

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌ని మన సర్వర్‌లో మన చేత్తో పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలునట. ఈ మాట అన్నది దారినపోయే దానయ్య కాదు, దాన్ని తయారుచేసినవాళ్లే. అని ఊరుకోలేదు, "సుప్రసిద్ధ ఐదు నిమిషాల ఇన్‌స్టాలేషన్" అని బిరుదు కూడా తగిలించారు. జిప్ ఫైలు విప్పి చూడండి, లోపలి రీడ్‌మీలో ఆ బిరుదు వెలిగిపోతూ ఉంటుంది. ఎవరి దగ్గర సుప్రసిద్ధమో, ఏ గడియారం పెట్టి కొలిచారో, కొలిపించుకున్న మహానుభావుడికి అప్పటికే ఎన్నేళ్ల సర్వీసుందో మాత్రం అందులో లేదు.

ఆ బిరుదు కింద మొదటి మెట్టు: ప్యాకేజీని విప్పి అన్నీ సర్వర్‌లోకి ఎక్కించండి. అంతే, ఒక్క వాక్యం. ఆ "అన్నీ"లో వేల ఫైళ్లున్నాయి. అవి ఎక్కించాలంటే సర్వర్ ఉండాలి. సర్వర్ ఉండాలంటే హోస్టింగ్ కొనాలి. హోస్టింగ్ కొన్నాక దానికో డొమైన్ చూపించాలి. డొమైన్ వేరే కంపెనీ దగ్గర కొని ఉంటే నేమ్‌సర్వర్లు మార్చాలి. మార్చాక "ఈ మార్పు ప్రపంచమంతా అమలు కావడానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు" అని ఆ కంపెనీ తీరిగ్గా చెబుతుంది. ఐదు నిమిషాల పనికి కూర్చోవడానికే రెండు రోజులు వాకిట్లో పడిగాపులు కాయాలి.

ఈ లెక్కలో మోసమేమీ లేదు, కిటుకే ఉంది. తమ ప్రోగ్రామ్ చేసే పని ఎంతసేపో అదొక్కటే లెక్కలోకి వస్తుంది. మనం చేసే చాకిరీ ఎంతసేపైనా అది ఎవరి ఖాతాలోనూ పడదు. వెబ్ హోస్టింగ్ వ్యాపారం మొత్తం ఈ ఒక్క కిటుకు మీదే నడుస్తోంది. ఎవరి ముక్క వాళ్లది తేలికే. ముక్కకీ ముక్కకీ మధ్య పడి నలిగేది కొనుక్కున్నవాడు. ముక్కలన్నీ సక్రమంగా ఉన్నాయి కాబట్టి నలిగితే తప్పు అతనిదే.

సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో సందేహం లేదు. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు బీ2 అనే పాత ప్రోగ్రామ్‌ని తీసుకుని, దాని మీద కట్టి, 2003 మే 27న లోకం మీద వదిలారు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టొచ్చు. ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దాని మీదే నడుస్తున్నాయి. ఇంత మంచి వస్తువు ఊరికే వస్తుంటే వ్యాపారస్థుడు చేతులు కట్టుకుని కూర్చుంటాడా? దాన్ని పెట్టుకునే చోటుకి అద్దె, ఆ చోటుకి తాళం, తాళానికి బీమా, బీమాకి ప్రీమియం సపోర్టు, అన్నిటికీ కలిపి 18 శాతం జీఎస్టీ.

అద్దె ప్రకటన చూస్తే కళ్లు చెమరుస్తాయి. నెలకు రెండంకెల రూపాయలేనట. అంకె పక్కన ఒక నక్షత్రం ఉంటుంది. జ్యోతిషంలో నక్షత్రాలకైనా శాంతి ఉంది గానీ ఈ నక్షత్రానికి లేదు. ఆ ధర నాలుగేళ్ల అద్దె ఒకేసారి కట్టినవాడికి. నెలనెలా కడతానంటే అంకె మూడింతలు. నాలుగేళ్లయ్యాక రెన్యువల్‌కి వచ్చే అంకెని ఆ పేజీలో అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో, అన్నిటికన్నా లేత బూడిద రంగులో అచ్చేస్తారు. ఇక కార్ట్‌లోకి వెళ్లేసరికి మనం అడగనివి నాలుగు అక్కడ ముందే టిక్కులు పెట్టుకుని కూర్చుని ఉంటాయి: బ్యాకప్పు, వైరస్ స్కానింగు, ఈమెయిలు, ఇంకేదో రక్షణ కవచం.

"అన్‌లిమిటెడ్" అన్న మాట ఉంది చూశారూ, దాని సంగతి వేరు. స్థలం అన్‌లిమిటెడ్, బ్యాండ్‌విడ్త్ అన్‌లిమిటెడ్. నిబంధనల పేజీలో, ఎవరూ చదవని పేరాలో, ఐనోడ్లు ఇన్నే అని ఉంటుంది. ఒక్కో ఫైలుకీ ఒక్కో ఫోల్డరుకీ ఒక్కో ఐనోడు. అంటే ఎంత పెద్ద వస్తువైనా పెట్టుకోవచ్చు, ఎన్నో వస్తువులు మాత్రం పెట్టుకోకూడదు. వేల ఫైళ్ల వర్డ్‌ప్రెస్‌నీ, ఒక్క ఫొటో ఎక్కిస్తే దాన్ని ఐదారు సైజుల్లో నరికి దాచే దాని అలవాటునీ దృష్టిలో పెట్టుకునే ఈ ఉదారబుద్ధి పుట్టి ఉండాలి. హద్దు దాటినరోజున ఖాతా ఆపేస్తూ వాళ్లు రాసే మెయిల్లో కూడా మీ ప్లాన్ పేరు "అన్‌లిమిటెడ్" అనే ఉంటుంది.

సరే, డబ్బు కట్టాం. స్వాగతం పలుకుతూ మెయిల్ వస్తుంది. అందులో ఎఫ్‌టీపీ పేరు, ఎఫ్‌టీపీ పాస్‌వర్డు, కింద ఎర్ర అక్షరాల్లో "మీ పాస్‌వర్డును ఎవరికీ చెప్పవద్దు". చెప్పకూడని దాన్ని రాసి పంపినవాడే ఈ హితవు చెప్పడం ఒక వింత. ఫైళ్లని సర్వర్‌కి పంపే ఆ ఎఫ్‌టీపీ పద్ధతి సంగతి తెలిస్తే వింత రెట్టింపవుతుంది. ఈ పద్ధతిని 1971 ఏప్రిల్‌లో కాగితం మీద పెట్టింది మనవాడే, అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి అమెరికాలో ఎంఐటీకి వెళ్లిన మనిషి. అప్పట్లో, ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో ఉన్నవి కొద్దిపాటి కంప్యూటర్లు, ఒకరికొకరు తెలిసిన పరిశోధకులు. పాస్‌వర్డు తెరిచిన కార్డు మీద రాసినట్టు తీగల వెంట పోయినా చదివేవాడు లేడు. ఆ కాలానికి అది చాలు, భూషణ్ గారిని ఒక్క మాట అనడానికి లేదు. అనాల్సింది ఆ పాత దారినే ఇవాళ్టికీ ముందుపెట్టి, "సురక్షిత ఎఫ్‌టీపీ" కావాలంటే పై ప్లాన్ కొనమనే అద్దెకిచ్చేవాళ్లని.

ఎఫ్‌టీపీలో ఫైళ్లు ఒక్కొక్కటే వెళ్తాయి. ఫైల్‌జిల్లా అనే ప్రోగ్రామ్ తెరిచి, ఎడమవైపు మన కంప్యూటరు, కుడివైపు వాళ్ల సర్వరు పెట్టుకుని లాగి వదిలితే, కింద ఒక జాబితా చీమలబారులా కదులుతుంది. చిన్న ఫైలు, చిన్న ఫైలు, ఇంకో చిన్న ఫైలు. ప్రతి దానికీ పలకరింపు, ఒప్పందం, వీడ్కోలు. మధ్యలో కరెంటో, నెట్టో ఒక్క కునుకు తీస్తే కొన్ని ఫైళ్లు "ఫెయిల్డ్ ట్రాన్స్‌ఫర్స్" అనే మరో అరలోకి జారుకుంటాయి. ఆ అర మీద ఎవరి కన్నూ పడదు. మిగతావి ఎక్కాయి కదా అని బ్రౌజర్ తెరిస్తే తెల్ల పేజీ. ఎక్కనిది ఏ ఫైలో తెల్ల పేజీ చెప్పదు.

జిప్ ఫైలు ఒక్కటే, హోస్టింగ్ కంపెనీ ఇచ్చే సీప్యానెల్‌లోని ఫైల్ మేనేజర్ ద్వారా ఎక్కించి, అక్కడే "ఎక్స్‌ట్రాక్ట్" నొక్కితే పని నిమిషంలో అయిపోతుంది. ఈ మాట మాత్రం స్వాగతం మెయిల్లో ఉండదు. అయితే అక్కడా ఒక గుంట తవ్వే ఉంచారు. జిప్ లోపల "వర్డ్‌ప్రెస్" అనే ఫోల్డరుంటుంది. విప్పినప్పుడు సరుకంతా ఆ ఫోల్డర్లోనే ఉండిపోతుంది, సైట్ ఫైళ్లుండాల్సిన పబ్లిక్ హెచ్‌టీఎంఎల్‌లో నేరుగా పడదు. మీ సైట్ చిరునామా కొడితే హోస్టింగ్ కంపెనీ వాళ్ల ప్రకటన కనిపిస్తుంది. చిరునామా తర్వాత గీత గీసి వర్డ్‌ప్రెస్ అని రాస్తే అప్పుడు మీ సైట్ కనిపిస్తుంది. ఎన్నో వ్యాపార సంస్థల విజిటింగ్ కార్డుల మీద చిరునామా చివర ఆ గీతా, ఆ పేరూ ఎందుకున్నాయో ఇప్పుడర్థమైందా? అది బ్రాండింగ్ కాదు, ఆ రోజు సాయంత్రమైపోయింది, ఇంటికెళ్లిపోయారు.

ఇక డేటాబేసు. సైట్‌లో రాసే ప్రతి అక్షరం అక్కడే ఉంటుంది. సీప్యానెల్‌లో ముందు డేటాబేసు పుట్టించాలి. తర్వాత దానికి యూజరుని పుట్టించాలి. ఇద్దరూ పుట్టారు కదా అని లేచిపోయారో, అంతే. ఇద్దరికీ పెళ్లి చేయాలి. అదే పేజీలో బాగా కిందికి, "యాడ్ యూజర్ టు డేటాబేస్" అనే చోట ఇద్దరి పేర్లూ ఎంచి ముడి వేయాలి. వేశాక "ఆల్ ప్రివిలేజెస్" అనే గడిలో టిక్కు పెట్టాలి. పెళ్లి కాకుండా ఇద్దరూ ఒకే చూరు కింద ఎంతకాలమున్నా ఒకరితో ఒకరు మాట్లాడరు. సంప్రదాయం అంత గట్టిది.

పేర్లలోనూ తిరకాసుంది. మీరు డేటాబేసుకి "కథలు" అని పేరు పెడితే సీప్యానెల్ ముందు మీ ఖాతా పేరునీ ఒక అడుగుగీతనీ ఇంటిపేరులా తగిలిస్తుంది. ఈ వివరాలు నింపే కాన్ఫిగ్ ఫైల్లో ఇంటిపేరుతో సహా రాయాలి. హోస్ట్ అన్న చోట "లోకల్‌హోస్ట్" అని రాయాలి, కొందరి దగ్గర అది పనిచేయదు, ఇంకేదో పొడుగాటి చిరునామా ఇస్తారు, అది ఎక్కడుందో వెతుక్కోవాలి. వీటిలో పేరు తప్పినా, పాస్‌వర్డు తప్పినా, హోస్ట్ తప్పినా, పెళ్లి జరగకపోయినా, అసలు వాళ్ల డేటాబేసు సర్వరే మూర్ఛపోయినా, రేపు మీ పాఠకుడికి తెర మీద కనిపించేది ఒకటే వాక్యం: డేటాబేసుతో సంబంధం ఏర్పరచడంలో లోపం. ఐదు జబ్బులకీ ఒకటే నాడి.

అప్పుడు సపోర్టు చాట్‌కి వెళ్తాం.

"నమస్తే సార్, ఈ రోజు మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"డేటాబేసు కనెక్ట్ అవడం లేదండీ."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. మా వైపు సర్వర్ బాగానే ఉంది. ఇది అప్లికేషన్ సమస్య. దయచేసి మీ డెవలపర్‌ని సంప్రదించండి."

"డెవలపర్‌ని నేనే."

మూడు చుక్కలు కాసేపు ఎగురుతాయి, ఆగుతాయి, మళ్లీ ఎగురుతాయి.

"మా ప్రీమియం సపోర్టు తీసుకుంటే నిపుణులు చూస్తారు సార్. లింక్ పంపించమంటారా?"

కాన్ఫిగ్ ఫైలు దగ్గర ఇంకో సొగసు. మాదిరి ఫైలుని తెరిచి, పేరు మార్చి, నాలుగు వివరాలు నింపాలి. దాని చివర్లో "అంతే, ఇక ఎడిటింగ్ ఆపండి! హాయిగా ప్రచురించుకోండి" అని ఒక వ్యాఖ్య రాసుంటుంది. హాయి మాట దేవుడెరుగు, ఆ పైన ఎనిమిది రహస్య తాళాల వరసుంటుంది. ఒక్కోదాని ఎదురుగా "ఇక్కడ మీ సొంత పదబంధం పెట్టండి" అని ఉంటుంది. తాళాలు అల్లి ఇచ్చే పేజీని వర్డ్‌ప్రెస్ వాళ్లే నడుపుతారు, తెరిస్తే ఎనిమిదీ తయారు. అయినా చేత్తో ఫైలు నింపినవాళ్లలో ఎందరో ఆ వరసని అలాగే వదిలేస్తారు. రహస్యం పెట్టమని అడిగిన వాక్యమే ఆ ఫైల్లో రహస్యం ఉండాల్సిన చోట కూర్చుని ఉంటుంది.

పాస్‌వర్డుని వాట్సాప్‌లోంచో వర్డ్ ఫైల్లోంచో కాపీ కొట్టారనుకోండి, దాంతోపాటు వంకర తిరిగిన కొటేషన్ గుర్తులు కూడా వస్తాయి. మన కంటికి అవి అందంగా ఉంటాయి, వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీకి అవి కొటేషన్లే కావు. పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 అని సేవ్ చేశారనుకోండి, అది ఫైలు మొదట్లో మూడు కనిపించని బైట్లు చల్లి పెడుతుంది. వాటివల్ల "హెడర్లు ఇప్పటికే పంపేశారు" అని ఒక గద్దింపు వస్తుంది. ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, ఎవరికి పంపారు? ఫైల్లో చూస్తే ఖాళీ. మొదటి వరస అని చెబుతుంది, అక్కడ ఏమీ లేదు. నేరం ఉంది, వేలిముద్రలున్నాయి, మనిషి లేడు.

ఇంతవరకూ పడ్డ కష్టం ఏ భాషవాడికైనా ఒకటే. తెలుగువాడికి అదనపు కోటా ఉంది.

వర్డ్‌ప్రెస్ వాడే డేటాబేసు ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్. దాన్ని నడిపిన కంపెనీ పుట్టింది స్వీడన్‌లో. ఇంట్లో వాడుకునే అక్షరక్రమాన్నే వాళ్లు ప్రపంచానికి డిఫాల్ట్‌గా పెట్టారు. దాని పేరు లాటిన్1 స్వీడిష్ సీఐ. ఈ సీఐ మన సర్కిల్ ఇన్‌స్పెక్టరు కాదు, పెద్దబడి చిన్నబడి తేడా పట్టించుకోవద్దని దాని అర్థం. ఆ తేడాయే లేని మన భాషకి ఆ ఉపకారం కూడా చేశారు. 2018లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ దాకా, మీరేమీ చెప్పకుండా పుట్టించిన ప్రతి డేటాబేసూ స్వీడిష్ పౌరసత్వంతోనే పుట్టింది. విజయవాడ కథల సంపుటానికీ, వరంగల్ హోల్‌సేల్ కొట్టు ధరల పట్టికకీ అక్షరక్రమం స్టాక్‌హోమ్ సంప్రదాయంలోనే. వర్డ్‌ప్రెస్ తన పట్టికలకి తానే యూనికోడ్ అడిగి తీసుకుంటుంది గనక కొత్తగా పెట్టుకున్నవాడు చాలావరకు బతికిపోతాడు. చచ్చేది పాత సైట్‌ని మూటగట్టి కొత్త హోస్ట్‌కి మారినవాడు. ఎక్స్‌పోర్టులోనో ఇంపోర్టులోనో ఎవరో ఒకరు మధ్యలో లాటిన్ మాట్లాడతారు, పదేళ్ల సాహిత్యం పిచ్చిగీతలవుతుంది. పిచ్చిగీతలైతే ఇంకా ఆశ ఉన్నట్టే, తెలిసినవాడు వెనక్కి తిప్పగలడు. వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం అక్షరం పోయింది. అప్పుడు ఆ పేజీయే మిమ్మల్ని అడుగుతూ ఉంటుంది, ఏమైంది, ఏమైంది అని.

అదే మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం "యూటీఎఫ్8" అనే పేరుతో ఒకటి ఉండేది, నిజానికి అది ముప్పావు యూటీఎఫ్8. నాలుగు బైట్ల దాకా పట్టాల్సిన చోట మూడే పట్టేది. తెలుగు అక్షరానికి సరిగ్గా మూడు బైట్లు, కాబట్టి మనకి నొప్పి తెలియలేదు. ఎమోజీకి నాలుగు. ఎవరైనా "శుభోదయం" అని రాసి, దండం బొమ్మ పెట్టి, ఆ కింద నాలుగు పేజీల వ్యాసం రాస్తే, డేటాబేసు దండం దగ్గరే ఆగిపోయి మిగతాదంతా మింగేసేది. కిమ్మనకుండా మింగేసేది. నిజమైన నాలుగు బైట్ల రకాన్ని 2010లో తెచ్చారు, దాని పేరు చివర "ఎంబీ4" అని తోక పెట్టారు. పాతదాని పేరు మార్చలేదు. వర్డ్‌ప్రెస్ 2015 ఏప్రిల్‌లో కొత్తదానికి మారింది. ఆ మధ్యకాలంలో ఎన్ని దండాలు ఎన్ని వ్యాసాల్ని చంపాయో లెక్కలు లేవు.

చిరునామాల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. వ్యాసం శీర్షిక నుంచి పేజీ చిరునామాని వర్డ్‌ప్రెస్ తానే తయారుచేస్తుంది. దానికి 200 గడులు కేటాయించింది. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి. తెలుగు అక్షరం యూనికోడ్ సంకేతాన్ని శాతం గుర్తులతో విడగొట్టి రాస్తుంది గనక ఒక్కోదానికి తొమ్మిది గడులు. ఒత్తు వేరే, పొల్లు వేరే, గుణింతం వేరే, అన్నిటికీ తొమ్మిదేసి. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి సంకేతాలు ఆరు, గడులు 54. ఉన్న స్థలంలో పావు వంతుకి పైగా ఒక్క అక్షరానికే సమర్పయామి.

"స్త్రీ శక్తి సంఘాలకు కొత్త రుణాలు" అని మీరు శీర్షిక పెట్టండి. చిరునామాలో "స్త్రీ-శక్తి-సంఘాలకు-కొత" దాకా వచ్చి గడులు అయిపోతాయి. "కొత్త"లో ఒత్తు ఎగిరిపోయింది, రుణాలు పూర్తిగా ఎగిరిపోయాయి. ఏ బ్యాంకూ ఇంత వేగంగా రుణం రద్దు చేసి ఉండదు. ఆ చిరునామాని వాట్సాప్‌లో పంపిస్తే అవతలివాడికి అంకెలూ శాతం గుర్తులూ కలిసిన ఒక కొండచిలువ దిగుతుంది. నొక్కితే ఫోన్ హ్యాక్ అవుతుందేమోనని అతను మిమ్మల్నే బ్లాక్ చేస్తాడు. అందుకే తెలుగులో రాసే పెద్దలందరూ చిరునామాలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెడతారు. మాతృభాషాభిమానం శీర్షిక దాకా.

సైట్ లేచి నిలబడింది, ఫొటో ఎక్కడం లేదు. ఇక్కడ సలహాదారులు రంగప్రవేశం చేస్తారు. ప్రతి ఊళ్లోనూ, ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. "777 పెట్టి చూడు బ్రో." ఆ మూడు ఏడులకి అర్థం: ఈ ఫోల్డరుని సొంతదారు, సొంతదారు బృందం, ముక్కూమొహం తెలియనివాళ్లు అందరూ చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు. ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644 అన్నది పద్ధతి. పద్ధతిగా పెడితే ఫొటో ఎక్కకపోవడానికి అసలు కారణం వెతకాలి. ఫైళ్ల సొంతదారు మారిందా, పీహెచ్‌పీ ఏ పేరుతో నడుస్తోంది, ఫొటో సైజు రెండు ఎంబీల డిఫాల్ట్ హద్దు దాటిందా. అంత ఓపిక ఎవరికుంది? మూడు ఏడులు కొడితే ఫొటో ఎక్కుతుంది. ఫొటోతోపాటు వయాగ్రా అమ్మే జపాన్ పేజీలు కూడా ఎక్కుతాయి, కొన్నాళ్లకి. అప్పటికి సలహాదారు గ్రూపు మారి ఉంటాడు.

ఫైళ్లన్నీ ఎక్కించి, కాన్ఫిగ్ ఫైలు పెట్టకుండా, బ్రౌజర్లో వచ్చే సెటప్ పేజీ నింపకుండా భోజనానికి లేచినవాడి సంగతి మరీ దారుణం. ఆ పేజీ వాకిలి తీసే ఉంటుంది, దాన్ని ఎవరైనా నింపొచ్చు. మీ డేటాబేసు పాస్‌వర్డుతో కూడా వాళ్లకి పనిలేదు, ఎక్కడో ఉన్న తమ డేటాబేసు వివరాలు రాసి, తామే అడ్మిన్ అయిపోయి, మీ సర్వర్లో తమ కోడ్ నడుపుకోవచ్చు. మీ కొత్త సైట్ సంగతి వాళ్లకెలా తెలుస్తుందంటారా? సైట్‌కి ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ తీసుకోగానే ఆ పేరు బహిరంగ చిట్టాల్లోకి ఎక్కుతుంది. ఆ చిట్టాలు మోసాలు పట్టడానికి పెట్టారు. మోసగాళ్లు కూడా శ్రద్ధగా చదువుతారు. మీ సైట్‌కి వచ్చే తొలి సందర్శకులు వాళ్లే, మీ బంధువులు కాదు.

2010లో మూడో వెర్షన్ వచ్చేదాకా అడ్మిన్ పేరు "అడ్మిన్" అనే ఉండేది, మార్చుకునే వీలు ఇన్‌స్టాలేషన్‌లో ఇవ్వలేదు. దాంతో ప్రపంచం మొత్తానికి సగం తాళం ముందే తెలిసిపోయింది, మిగతా సగం ఊహించాలి. 2013 ఏప్రిల్‌లో వేలాది కంప్యూటర్లు కట్టగట్టుకుని ఆ "అడ్మిన్" పేరు మీద పాస్‌వర్డులు కొట్టుకుంటూ పోయాయి. అంత జరిగాక మనవాళ్లు జాగ్రత్తపడ్డారు. పేరు "అడ్మిన్" అనే ఉంచి, పాస్‌వర్డు చివర ఒక ఎట్ గుర్తూ, 123 అంకే చేర్చారు.

ఈ గోలంతా ఎందుకని హోస్టింగ్ కంపెనీలు ఒక మీట పెట్టాయి. ఒక్క క్లిక్కు. డేటాబేసు అదే పుట్టిస్తుంది, పెళ్లి అదే చేస్తుంది, తాళాలు అదే అల్లుతుంది. నేను ఆ మీటకి వ్యతిరేకిని కాను. నాకు మండేది దాన్ని "మీకోసం" అంటూ చేసే ప్రచారం దగ్గర. చేత్తో పెట్టుకున్నవాడు తిట్టుకుంటూనే అయినా ఒకసారి తన ఫైళ్లు ఏ ఫోల్డర్లో ఉన్నాయో చూశాడు, తన డేటాబేసు పేరేమిటో రాసుకున్నాడు, పాస్‌వర్డు తన చేత్తో కొట్టాడు. ఆ మూడూ ఉన్నవాడు రేపు అద్దె పెంచితే మూట సర్దుకుని పక్కవీధికి పోగలడు. మీట నొక్కినవాడికి ఆ మూడూ తెలియవు. తన సైట్ ఎక్కడుందని అడిగితే "గూగుల్‌లో ఉంది" అంటాడు. అద్దె పెంచగానే కడతాడు. పైగా ఆ ఒక్క క్లిక్కుతోపాటు కంపెనీవాళ్ల ప్లగిన్లు కొన్ని ఎక్కి, డాష్‌బోర్డు మొదటి పేజీలోనే "పై ప్లాన్‌కి మారండి" అని బోర్డు పెట్టుకుని కూర్చుంటాయి.

మీట నొక్కి వదిలేసిన సైట్లు చూడాలనుకుంటే కష్టపడక్కర్లేదు. వర్డ్‌ప్రెస్‌తో ఒక నమూనా పేజీ వస్తుంది. అందులో ఒకాయన తనని తాను పరిచయం చేసుకుంటాడు: పగలు సైకిల్ మీద పార్సిళ్లు మోస్తాడట, రాత్రి నటుడు కావాలని కలలు కంటాడట, ఉండేది లాస్ ఏంజెలిస్‌లో, జాక్ అనే మంచి కుక్క ఉంది. దాని కిందే మరో నమూనా, 1971లో స్థాపించిన ఒక కంపెనీ, ఆఫీసు బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్‌లో. ఇవి తీసేసి మన సంగతి రాసుకోమని దాని ఉద్దేశం. మన జూనియర్ కాలేజీలు, డయాగ్నస్టిక్ సెంటర్లు, కల్యాణమండపాల సైట్లలో "మా గురించి" నొక్కి చూడండి. ఆ సైకిల్ కుర్రాడు ఎన్ని జిల్లాల్లో ఉద్యోగం చేస్తున్నాడో, జాక్ ఎన్ని విద్యాసంస్థలకి కాపలా ఉంటోందో తెలుస్తుంది.

పెట్టడం అయిపోయింది, ఇక నిద్రపోవచ్చనుకుంటే డ్రూపల్ వాళ్లనడగండి. అదీ వర్డ్‌ప్రెస్ లాంటిదే, కాస్త పెద్దమనిషి తరహా. 2014 అక్టోబర్ 15న దాని ఏడో వెర్షన్లో ఒక పెద్ద కన్నం బయటపడింది, అదే నిమిషాన మరమ్మతూ విడుదల చేశారు. రెండు వారాలాగి తాపీగా ఒక ప్రకటన చేశారు: మరమ్మతు వెలువడిన ఏడు గంటల్లోపు దాన్ని పెట్టుకోనివాళ్లు తమ సైట్ దొంగల చేతికి పోయిందనే అనుకోవాలి. ఆ ఏడు గంటలు మన గడియారంలో రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా. భోంచేసి పడుకుని లేచేలోపు గడువు పుట్టి, పెరిగి, పోయింది. తెలుగునేల మీద ఆ గడువు అందుకున్నది అమెరికా షిఫ్టు కుర్రాళ్లే అయ్యుండాలి.

అసలు ఇన్ని మెట్లూ మన సంస్థల్లో యజమానులు ఎక్కరు. "మా తమ్ముడు చూసుకుంటాడు" అంటారు. ఆ తమ్ముడు స్వంత తమ్ముడు కానక్కర్లేదు, బీటెక్ మూడో సంవత్సరం చదువుతూ ఉంటే చాలు. డొమైన్ తన మెయిల్ మీద, తన ఫోన్ నంబరు మీద కొంటాడు, ఎందుకంటే ఆ రోజు ప్రిన్సిపాల్ గారు మీటింగ్‌లో ఉన్నారు. హోస్టింగ్ కూడా తన ఖాతాలోనే. ఎవరికీ దురుద్దేశం లేదు. రెండు వేలు చేతిలో పెట్టి, టీ ఇచ్చి పంపిస్తారు. నాలుగేళ్లకి తమ్ముడు ఎంఎస్‌కి డాలస్ వెళ్తాడు, ఇక్కడి సిమ్ రీచార్జ్ ఆపేస్తాడు. టెలికాం కంపెనీ ఆ నంబరుని కొన్నాళ్లు పక్కనపెట్టి మరొకరికి ఇస్తుంది. సరిగ్గా అప్పుడే, ఇంటర్ అడ్మిషన్ల సీజన్లో, సైట్ మూతపడుతుంది. లేత బూడిద రంగు అంకె ఇప్పుడు నల్లగా, పెద్దగా దిగుతుంది.

ప్రిన్సిపాల్ గారు డాలస్‌కి ఫోన్ చేస్తారు. "ఏం లేదన్నా, లాగిన్ అవ్వండి, ఓటీపీ వస్తుంది, కొట్టేయండి" అంటాడు తమ్ముడు, అక్కడ అర్ధరాత్రి. ఎవరికి వస్తుంది ఓటీపీ? పాత నంబరుకి. గుమాస్తా ఆ నంబరుకి రింగిస్తాడు. అటు నుంచి ఒక పెద్దావిడ ఎత్తుతుంది.

"ఎవరు బాబూ నువ్వు? పొద్దుట్నుంచీ ఆరంకెలొస్తున్నాయి. మా మనవడు ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పను."